వినికిడి కుక్కను బస్సెక్కించడం ఎలా: పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండేవాళ్లకు

వినపడని మనిషి, ఆ మనిషికి ఇంట్లో చప్పుళ్లు చెప్పడం నేర్చిన కుక్క, వాళ్లిద్దరినీ ఊరు దాటించాలనుకునే ఇంటివాళ్లు: ఇది వీళ్ల కోసం. కుక్కకు ఇంటి పని వచ్చిందనే లెక్కతో మొదలుపెడుతున్నాను. కాలింగ్ బెల్ మోగితే వచ్చి మోకాలికి ముక్కు ఆనించాలి, కుక్కర్ విజిల్ వేస్తే వంటింటి దాకా తీసుకెళ్లాలి, పాప ఏడిస్తే ఊయల దగ్గరికి నడిపించాలి. ఇవింకా కుదురుకోలేదంటే బస్సు సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఇంట్లో నేర్పిన చదువుకు బయటి చదువు దాదాపు తలకిందులు. ఇంట్లో చప్పుడు వినగానే కుక్క లేవాలి. బస్సులో ఎయిర్ హారన్లు, స్పీకర్లో పాటలు, తలుపు రేకు మీద హెల్పర్ చరుపులు, బుట్టలో కోళ్లు, అన్నీ వింటూ కదలకుండా పడుకోవాలి. ఒకటో రెండో చప్పుళ్లకు మాత్రమే మిమ్మల్ని తట్టాలి. అందుకే నా లెక్కలో ఈ శిక్షణలో ముప్పాతిక వంతు దాన్ని ఊరికే ఉండనివ్వడం నేర్పడమే. చాలామంది ఇది వదిలేసి కొత్త చప్పుళ్లు నేర్పడం మీద పడతారు.

బ్రిటన్‌లో ఇలాంటి కుక్కల కోసం 1982 నుంచే ఒక సంస్థ పనిచేస్తోంది. అక్కడ కుక్క ఒంటి మీది కోటు చూస్తే డ్రైవర్లకు విషయం అర్థమైపోతుంది. ఒడిశాలోని మన గంజాం, గజపతి, రాయగడ జిల్లాల బస్సుల్లో అలా కుదరదు. హెల్పర్ కంటికి అది ఉత్త కుక్క. కాబట్టి కుక్కకు ఎంత నేర్పాలో, చుట్టూ ఉన్నవాళ్లకు ఎలా చెప్పాలో కూడా అంతే ఆలోచించుకోవాలి.

రోడ్డు మీద దాని పనేమిటో తేల్చుకోండి

కుక్క చప్పుడు వచ్చిందని చెబుతుంది, అందులోని మాట చెప్పదు. కండక్టర్ "కాశీనగర్, కాశీనగర్" అని అరిచినా, ప్లాట్‌ఫారం మైకులో రైలు ఆలస్యమని చెప్పినా దానికి అది ఒక గోల, అంతే. దిగే చోటు తెలుసుకోవడం మీ ఫోన్ పని. మ్యాప్‌లో ఊరు పెట్టుకుని కదిలే చుక్కను చూసుకోండి. ఊరు దగ్గరపడగానే వైబ్రేషన్ ఇచ్చే యాప్ ఏదైనా ఉంటే మరీ మంచిది. సిగ్నల్ పోయే ఘాట్ రోడ్లలో దిగే ఊరి పేరు కాగితం మీద రాసి కండక్టర్‌కు చూపించండి.

హారన్ కూడా చెప్పించాలని కొందరికి ఆశ ఉంటుంది. నేనైతే వద్దంటాను. బస్టాండులో హారన్ ఆగేదెప్పుడు? ప్రతిదానికీ తడుతూ పోతే కుక్క మధ్యాహ్నానికే అలిసిపోతుంది. పైగా దాన్ని నమ్మి మీరు వెనక్కి చూడటం మానేస్తే, అది ఒక్కటి వదిలేసిన రోజున ప్రాణం మీదికి వస్తుంది. రోడ్డు దాటేది మీ కళ్లతోనే. అయితే నడుస్తున్నప్పుడు దాని చెవుల మీద ఓ కన్నేసి ఉంచండి. రెండు చెవులూ ఒక్కసారి వెనక్కి తిరిగాయంటే మీరూ వెనక్కి చూడండి. దీనికి శిక్షణ అక్కర్లేదు, ఏ కుక్కయినా చేస్తుంది.

ఇక మిగిలినవి రెండు పనులు. ఎవరైనా మీ పేరు పెట్టి పిలిస్తే తట్టడం ఒకటి. కండక్టర్ మీతో మాట్లాడాలనుకున్నప్పుడు తట్టడం రెండోది. మొదటిది ఇంట్లోనే వచ్చి ఉంటుంది. రెండోదానితోనే చిక్కు, ఎందుకంటే కండక్టర్‌కు మీ పేరు తెలియదు. ఒకరు ఒడియాలో పిలుస్తారు, ఒకరు తెలుగులో, ఇంకొకరు ఏ భాషా లేకుండా "ఓయ్" అంటారు. మాటను వదిలేసి ఏ భాషకూ చెందని చప్పుడు ఒకటి పెట్టుకోవాలి. నేను చెప్పేది నాణెం. సీటు వెనక ఇనప రాడ్డు మీద నాణెంతో టక్ టక్ అని రెండుసార్లు కొట్టడం. కండక్టర్ జేబులో చిల్లర ఎటూ ఉంటుంది, బస్సులో రాడ్డూ ఉంటుంది.

నాణెం చప్పుడు నేర్పడం

దీనికి వినపడే మనిషి ఒకరు తోడుండాలి. అక్కో, తమ్ముడో, పక్కింటి పిల్లాడో. మీరు కుర్చీలో కూర్చోండి, కుక్క మీ కాళ్ల దగ్గర పడుకోవాలి. తోడు మనిషి మీ వెనక నిలబడి కిటికీ ఊచ మీద ఐదు రూపాయల నాణెంతో రెండుసార్లు కొట్టాలి. కుక్క తల ఎత్తిందా, బొటనవేలు పైకెత్తి చూపించి తాయిలం ముక్క పెట్టండి. 'శభాష్' అనడానికి మన సైగ ఆ బొటనవేలే. ఇంటి చప్పుళ్లు నేర్పేటప్పుడు వేరే సైగ వాడి ఉంటే అదే కొనసాగించండి, మార్చకండి.

తల ఎత్తడం అలవాటయ్యాక ముక్క వెంటనే ఇవ్వకుండా కొంచెం ఆగండి. ఇంటి పని తెలిసిన కుక్క కాబట్టి ఏం చేయాలో వెతుక్కుంటుంది, కాసేపటికి ముక్కుతో మోకాలిని తాకుతుంది. అప్పుడు పెట్టండి. మరో రెండు మూడు పూటలకు టక్ టక్ అనగానే తట్టడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నాణెం ఎప్పుడు కొడుతున్నారో మీకు తెలియకూడదు. ఎదురుగా నిలబడి కొడితే మీ కళ్లు అటు పోతాయి, భుజం కొంచెం బిగుస్తుంది. కుక్క చప్పుడును వదిలేసి మీ భుజాన్ని చదవడం నేర్చుకుంటుంది. ఇంట్లో భలేగా చేసి, నిజం బస్సులో నోరు తెరుచుకుని కూర్చునే కుక్కలు చాలావరకు ఇలా తయారైనవే. అందుకే తోడు మనిషి వెనకే ఉండాలి, మీరు పేపరో ఫోనో చూసుకుంటూ ఉండాలి. కుక్క తట్టాక వెనక్కి తిరిగి, నిజంగా కొట్టారా అని అడిగి అప్పుడు ముక్క పెట్టండి. కొట్టకుండానే తడితే తిట్టొద్దు, చూపు పక్కకు తిప్పేసుకోండి చాలు.

ఇంట్లో అది చప్పుడు దగ్గరికి తీసుకెళ్తుంది కదా, బస్సులో అది వద్దు. తట్టి, మళ్లీ పడుకోవాలి. ఇందుకు చిట్కా ఏమిటంటే ముక్కను ఎప్పుడూ కిందే పెట్టడం, మీ రెండు పాదాల మధ్య, నేలకు ఆనించి. తినడానికి వంగిన కుక్క అక్కడే ఒదిగిపోతుంది. పైన చేత్తో పెడితే లేచి నిలబడటం అలవాటవుతుంది.

తర్వాత నాణెం మార్చండి, ఊచ మార్చండి, కొట్టే మనిషిని మార్చండి. వీధి గేటు, గుడి క్యూలో ఉండే పైపు, బడి ముందు కంచె. కొట్టేది ఎవరైనా, దేని మీదైనా తట్టాలి. అదే సమయంలో చెంచా కింద పడినా, గిన్నెలు తోమినా తట్టకూడదు, అంటే వాటికి ముక్క రాకూడదు. ఈ తేడా తెలియడానికి వారాలు పడుతుంది. తొందరపడకండి.

మూతికి బుట్ట వేసినప్పుడు ముక్కుతో తట్టడం కుదరదు. కాబట్టి ముంగాలితో మీ పాదాన్ని తాకడం కూడా నేర్పి ఉంచండి. ఈ బుట్ట ఎందుకో తర్వాత చెబుతాను.

తువ్వాలు, కుర్చీ కింద చోటు

పాత తువ్వాలు ఒకటి దానికే కేటాయించండి. తువ్వాలు పరిస్తే పడుకోవడం, మీరు తీసేవరకు లేవకపోవడం. ముందు గదిలో, తర్వాత అరుగు మీద, తర్వాత టీ కొట్టు బెంచీ కింద. బస్సులో సీట్ల మధ్య చోటు ఎంత ఉంటుందో కొలుచుకుని ఇంట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు అంత దూరంలోనే పెట్టి అలవాటు చేయండి. తోక, కాళ్లు నడిచే దారిలోకి రాకుండా లోపలికి సర్దుకోవాలి. తోక తొక్కించుకున్న కుక్క మళ్లీ బస్సు ఎక్కడానికి బెదురుతుంది.

ఇంకా కుక్కను ఎంచుకోని వాళ్లకు ఒక మాట. లాబ్రడార్ పిల్లను చూసి మురిసిపోకండి. పెద్దయ్యాక మన బస్సు సీటు కింద అది పట్టదు, ఏప్రిల్ ఎండకు తట్టుకోదు. మోకాలి ఎత్తు దాటని నాటు కుక్క, మనుషులంటే భయం లేనిది, పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకున్నది, మన వాతావరణానికి అదే నయం.

తాయిలంగా ఉడికించిన కోడిమాంసం సన్న ముక్కలో, ఉడికిన గుడ్డో వాడండి. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. ఎండుచేప దానికి ప్రాణమే గానీ బస్సులో వాడకండి. గోపాలపురం వైపు నుంచి వచ్చే బస్సుల్లో ఎండుచేపల గంపలు ఉండటం మామూలే. అదే తాయిలం అనుకుందంటే ఆ గంపలో ముక్కు పెట్టకుండా ఆపడం మీ వల్ల కాదు.

వినపడని మీరు చప్పుళ్లకు ఎలా అలవాటు చేస్తారు

వినపడే శిక్షకులు రాసే పద్ధతులు ఇక్కడ పనికిరావు. "మెల్లగా మొదలుపెట్టి పెంచండి" అంటారు. ఎంత మెల్లగా ఉందో మనకు తెలిసేదెలా? చెవికి బదులు కుక్క ఒంటినే కొలబద్దగా పెట్టుకోవాలి.

ముందుగా తోడు మనిషితో బస్టాండుకు వెళ్లి ఫోన్లో రికార్డు చేయించండి. అన్నిటికంటే ముఖ్యం బస్సు ఆగినప్పుడు గాలి బ్రేకు విడిచే ఉస్సుమనే చప్పుడు. హారన్‌కు తట్టుకున్న కుక్కలు కూడా దీనికి ఎగిరిపడతాయి. అది ఒక్కసారిగా, వాటి చెవుల ఎత్తులోనే వస్తుంది మరి. పైగా మనుషులు 20 కిలోహెర్ట్జ్ వరకే వింటే, కుక్కలు దాదాపు 45 దాకా వింటాయి. ఆ ఉస్సులో మన చెవికి అందని పదును కూడా ఉంటుంది. ఫోన్ స్పీకర్ ఆ పదునంతా పలకలేదు కాబట్టి రికార్డు సగం తయారీ మాత్రమే, మిగతా సగం బస్టాండు దగ్గరే.

ఇంట్లో ఫోన్‌ను దిండు కింద పెట్టి, వాల్యూమ్ ఒక గీత మీద ఉంచి, అన్నం పెట్టేటప్పుడు మోగించండి. కుక్క మామూలుగా తింటూ ఉంటే మర్నాడు ఇంకో గీత. తినడం ఆపి తల ఎత్తి మళ్లీ తింటే అక్కడే ఆగండి, అదే గీత మీద ఇంకొన్ని పూటలు. గిన్నె వదిలేసి వెళ్లిపోతే రెండు గీతలు తగ్గించండి. ఇష్టమైన ముక్కను కూడా ముట్టకపోవడాన్ని మించిన హెచ్చరిక లేదు. అంతకంటే ముందే చిన్న గుర్తులు కనిపిస్తాయి. ఆకలి లేకుండా పెదాలు నాకడం, నిద్ర రాకుండా ఆవలించడం, తోక కడుపు కిందికి పోవడం, చల్లగా ఉన్నా రొప్పడం. ఇవి కంటితో చూసేవి, ఈ విషయంలో వినపడేవాళ్ల కంటే మీరే ముందుంటారు. వాళ్లు చప్పుడు వింటూ కుక్కను చూడటం మర్చిపోతారు.

బస్టాండు, ఆగి ఉన్న బస్సు

పర్లాకిమిడి బస్టాండయినా, బరంపురం బస్టాండయినా మొదట లోపలికి వెళ్లకండి. ఎదురుగా రోడ్డుకు అవతల, బస్సులు కనిపించేంత దూరంలో తువ్వాలు పరిచి కూర్చోండి. ముక్కలు తింటూ, చుట్టూ చూస్తూ ఉంటే చాలు. రోజూ కాస్త దగ్గరికి. సంత రోజు, రథయాత్ర రోజులు మానేయండి. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ జాతర రోజుల్లో అయితే ఆ చుట్టుపక్కలకే వెళ్లొద్దు.

తర్వాత ఖాళీ బస్సు. మధ్యాహ్నం భోజనాల వేళ ట్రిప్పుకు ట్రిప్పుకు మధ్య బస్సులు ఆగి ఉంటాయి. హెల్పర్‌కు ఒక టీ ఇప్పించి, విషయం చెప్పి, ఐదు నిమిషాలు ఎక్కనివ్వమని అడగండి. కుక్క కథ చెబితే సాధారణంగా కాదనరు, పైగా చూడటానికి నలుగురు పోగవుతారు. వాళ్లనూ శిక్షణలో వాడుకోండి. ఒకరు రాడ్డు మీద నాణెం కొట్టాలి, ఒకరు తలుపు రేకు చరచాలి, ఒకరు పక్క నుంచి గోనె మూట పట్టుకుని నడవాలి.

మెట్లు ఎత్తుగా ఉంటాయి. ఎక్కేటప్పుడు కుక్క ముందు, మీరు వెనక. మీ వెనక తోసుకొచ్చేవాళ్ల కాళ్ల కింద అది పడకుండా మీరే అడ్డు. దిగేటప్పుడు మీరు ముందు, నేల మీద నిలబడి ఎడమవైపు నుంచి మోటారు సైకిలేదీ దూసుకు రావడం లేదని చూసుకుని అప్పుడు దాన్ని సైగతో దింపండి. తాడు మెడ పట్టీకి కట్టకుండా ఒంటి మీది హార్నెస్‌కు తగిలించండి. చేతికి చుట్టుకోవద్దు.

ఖాళీ బస్సులో పడుకోవడం వచ్చాక ఇంజిన్ ఆన్ చేసి ఉన్న బస్సులో కూర్చోబెట్టండి. నేల అదరడం కొన్ని కుక్కలకు చప్పుడు కంటే పెద్ద గొడవ. తువ్వాలు మందంగా మడిచి వేస్తే కొంత నయం.

మొదటి ప్రయాణం

పొద్దున్నే వెళ్లే, జనం పల్చగా ఉండే బస్సు చూసుకోండి. పర్లాకిమిడి వాళ్లకు ఆంధ్ర సరిహద్దు దాటగానే వచ్చే పాతపట్నం చాలు. కొద్ది కిలోమీటర్లే. దిగి, కాసేపు తిరిగి, ఇంకో బస్సులో వెనక్కి. దూరం తర్వాత పెంచుకోవచ్చు.

సీటు ముందు నుంచి మూడో నాలుగో వరసలో, కిటికీ వైపు. చక్రం మీది సీటు దగ్గర కాళ్లకే చోటుండదు, వెనక సీట్లు ఎగరేస్తాయి, ఇంజిన్ పక్కన వేడి. కుక్కకు బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు అన్నం పెట్టకండి, నీళ్లు కొద్దిగా ఇవ్వొచ్చు. ఎక్కే ముందు ఒక మూలకు తీసుకెళ్లి మూత్రం పోయించండి. దీనికి కూడా ఒక సైగ నేర్పి ఉంచితే బస్టాండులో పడే పాట్లు చాలా తగ్గుతాయి.

మొదటి రోజున పేరు పిలుపు, నాణెం పరీక్ష ఏమీ పెట్టొద్దు. పడుకుని వెళ్లి పడుకుని వచ్చిందంటే అదే పాసు. ఒకటి రెండు వారాలు పోయాక తోడు మనిషి వెనక సీట్లో కూర్చుని, మీకు చెప్పకుండా, ఒకసారి నాణెం కొట్టాలి. తట్టిందంటే ఇక తోడు మనిషి మెల్లగా ఇంకాస్త వెనక్కి జరగొచ్చు, ఆ తర్వాత ఇంట్లోనే ఉండిపోవచ్చు.

కండక్టర్, తోటి ప్రయాణికులు

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. రవాణా అందరికీ అందుబాటులో ఉండాలని దాని 41వ సెక్షన్ చెబుతుంది. కానీ అందులో కుక్క ప్రస్తావన లేదు. ఆ కాపీ పట్టుకుని ఫుట్‌బోర్డు మీద వాదిస్తే కండక్టర్ ఇంకా బిగుసుకుంటాడు. కాదంటే దిగిపోయి తర్వాతి బస్సు చూసుకోవడమే మేలు. మూడో బస్సు వాడో నాలుగో వాడో ఎక్కించుకుంటాడు, రోజూ అదే వేళకు వెళ్తే అతనే అలవాటవుతాడు.

ఒక అట్ట ముక్క రెండు భాషల్లో రాయించి లామినేషన్ చేయించుకోండి. తెలుగు వైపు ఇలా ఉండొచ్చు: "నాకు వినపడదు. ఈ కుక్క నాకు చెవులు. కరవదు, టీకాలు వేశాం. నాతో మాట్లాడాలంటే రాడ్డు మీద నాణెంతో రెండుసార్లు కొట్టండి. దిగే ఊరు: ..." చివర ఖాళీలో స్కెచ్ పెన్‌తో ఊరి పేరు రాసుకుని తర్వాత చెరిపేసుకోవచ్చు. రెండో వైపు ఒడియాలో అదే రాయించండి. మాట్లాడగలిగేవాళ్లు "భాయి, మూ శుణి పారే నాహిఁ, ఏ కుకుర కాముడే నాహిఁ" (అన్నా, నాకు వినపడదు, ఈ కుక్క కరవదు) అనడం నేర్చుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది. కుక్కకు టికెట్టు అడిగితే ఇచ్చేయండి. పది రూపాయల దగ్గర పేచీ పెట్టుకుంటే రేపటి ప్రయాణం పోతుంది.

కుక్క ఒంటికి రంగు గుడ్డ కోటు కుట్టించి, మీద "పనిలో ఉంది, ముట్టుకోవద్దు" అని రెండు భాషల్లో రాయించండి. దానికి చట్టపరంగా ఏ బలమూ లేదు. కానీ కోటున్న కుక్కను చూసి జనం ముందు ఆగుతారు, తర్వాత అడుగుతారు. ఆ ఆగే క్షణమే మనకు కావాలి.

భయపడేవాళ్లను చులకన చేయకండి. రేబిస్‌తో పోయిన మనిషి కథ ఏదో ఒకటి మన ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలుసు. యాంటీ రేబిస్ టీకా ఏటా వేయించి, పశువుల ఆసుపత్రి ముద్ర ఉన్న టీకా పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో దగ్గర ఉంచుకోండి. అయినా పక్క సీటు ఆవిడ వణుకుతూ ఉంటే మూతి బుట్ట తగిలించండి. నోరు కట్టేసే గుడ్డ పట్టీ వద్దు. నోరు తెరిచి రొప్పడానికి వీలుండే జల్లెడ బుట్ట కావాలి. ఇంట్లో దాని అడుగున ముక్క పెట్టి తనంతట తానే మూతి దూర్చేలా అలవాటు చేసి ఉంచితే, బస్సులో అర నిమిషంలో తగిలించవచ్చు. కాలితో తట్టడం అవసరమయ్యేది అప్పుడే. పిల్లలు ముట్టుకుంటామంటే దిగాక అనండి, దిగాక ముట్టుకోనివ్వండి కూడా.

రైలు సంగతి

పర్లాకిమిడి మహారాజా కాలంలో 1900లో మొదలైన చిన్న రైలు ఇప్పుడు నౌపడా నుంచి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ లైను. ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ ప్యాసింజర్ రైళ్లలో కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లడానికి నియమాలు ఒప్పుకోవు. స్లీపర్, జనరల్, టూ టైర్, త్రీ టైర్ ఏసీ, వీటన్నిటిలో కుక్కలకు ప్రవేశం లేదు. మామూలు పెంపుడు కుక్కకు ఉన్న ఈ నియమాలే మీ కుక్కకూ వర్తిస్తాయనుకుని ప్లాన్ చేసుకోండి.

దారులు రెండు. ఒకటి బ్రేక్ వాన్‌లో, అంటే గార్డూ సామానూ ఉండే బోగీలో, ఉండే కుక్కల పెట్టె. మీరొక చోట, అది ఒక చోట. వినికిడి కుక్క మీ పక్కన లేకుండా ఎందుకూ పనికిరాదు, పైగా ఎండాకాలం ఆ పెట్టెలో వేడి. నేనైతే ఈ దారి ఎవరికీ సలహా ఇవ్వను. రెండోది ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరునే తీసుకోవడం. బరంపురం, పలాస మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లలో ఆ బోగీ ఉన్నవి చూసుకోవాలి. టికెట్టు కొన్నంత మాత్రాన కూపే దొరుకుతుందని కాదు, ముందే అర్జీ ఇచ్చి అడగాలి. బయలుదేరే రోజున కనీసం మూడు గంటల ముందు స్టేషన్‌లోని పార్సిల్ ఆఫీసుకు టికెట్టు, టీకా పుస్తకం, డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో వెళ్లి కుక్కను బుక్ చేయించి రసీదు తీసుకోవాలి. బుక్ చేయకుండా పట్టుబడితే లగేజీ ఛార్జీకి ఆరు రెట్లు వసూలు చేస్తారు. ఖర్చు లెక్క వేస్తే విశాఖ ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు తప్ప ఇది మనబోటి వాళ్ల దారి కాదు.

ప్రయాణం కుదరకపోయినా ప్లాట్‌ఫారం మాత్రం మంచి బడి. ప్లాట్‌ఫారం టికెట్టు కొని, స్టేషన్ మాస్టర్‌ను అడిగి, రైలు లేని వేళ బెంచీ కింద పడుకోబెట్టండి. తర్వాత గూడ్స్ బండి పోయేటప్పుడు, అంచుకు దూరంగా గోడవైపు. అక్కడ నిలిచిన కుక్కకు బస్సు చప్పుడు ఒక లెక్కలోది కాదు.

ఎండ, ఘాట్ రోడ్డు, వీధి కుక్కలు

ఏప్రిల్ నుంచి జూన్ వర్షాలు పడేదాకా పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాతే తిప్పండి. తారు మీద అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలకూ అది వేడే. నాలుక బాగా బయటికి వేలాడదీసి, కళ్లు ఎర్రబారి, తూలుతూ ఉంటే వెంటనే నీడకు చేర్చి పొట్ట మీద, పాదాల మీద మామూలు నీళ్లు పోసి పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మంచుగడ్డలు పెట్టొద్దు.

మోహన, ఆర్.ఉదయగిరి వైపు మలుపుల్లో చాలా కుక్కలు కక్కుతాయి. సొంగ విపరీతంగా కారడం ముందస్తు గుర్తు. పాత న్యూస్ పేపర్లు, ఒక ప్లాస్టిక్ సంచి, నీళ్ల సీసా, తుడిచే గుడ్డ దగ్గర ఉంచుకోండి. కక్కితే మీరే శుభ్రం చేయండి, హెల్పర్ చేత చేయించకండి. ప్రతిసారీ కక్కుతుంటే డాక్టర్‌ను మందు అడగండి. మనుషుల మాత్రలు సొంతంగా వేయకూడదు.

నన్నడిగితే అన్నిటికంటే టెన్షన్ బస్టాండు వీధి కుక్కలతోనే. వెనక నుంచి వచ్చే గుర్రు మీకు వినపడదు, మీ కుక్క వెన్ను మీద బొచ్చు లేవడం మాత్రం కనిపిస్తుంది. అది చూడగానే దాన్ని మీ కాళ్ల వెనక్కి తెచ్చుకుని, గుప్పెడు బిస్కెట్లు దూరంగా అవతలికి విసరండి. అవి అటు పోతాయి. చేతిలో గొడుగు ఉంటే టక్కున విప్పితే ఆగుతాయి. గొడుగు విప్పితే మీ కుక్కే బెదరకుండా ముందు ఇంట్లో అలవాటు చేయండి. కుక్కను ఎత్తుకోవద్దు, అవి మీ మీదికి ఎగురుతాయి. షేర్ ఆటో ఎక్కడానికి బస్టాండు లోపలే నిలబడకుండా బయటి మలుపు దాకా నడవండి, అక్కడ గుంపులు తక్కువ.

ఎప్పుడు ఆపేయాలి

ఒక నెల్లాళ్లు ఓపిగ్గా చేశాక కూడా బస్సు కనపడగానే వెనక్కి లాగుతున్నా, లోపల ముక్క ముట్టకపోయినా, దిగాక గంటసేపు వణుకుతున్నా ఆ కుక్కకు ప్రయాణాలు వద్దు. ఇంట్లో బెల్లు చెప్పడానికి అది హాయిగా పనికొస్తుంది. ఊరెళ్లే రోజున ఫోను, అట్ట ముక్క, తోటి మనిషి చాలు. దాన్ని ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంచి వెళ్లండి.

బస్సుకు అలవాటైన కుక్కకు కూడా వారానికి ఒకసారయినా చిన్న ప్రయాణం, వెనక నుంచి ఎవరో ఒకరు ఒక నాణెం దెబ్బ ఉండాలి. రెండు నెలలు ఆపితే మర్చిపోతుంది. శ్రీకాకుళం దాకా నేరుగా వెళ్లే బస్సు మొదటిసారి ఎక్కినప్పుడు కండక్టర్ కొత్తవాడు, తెలుగువాడు అయి ఉంటాడు. అట్ట ముక్కను తెలుగు వైపు తిప్పి ఎక్కగానే చూపించండి, రాడ్డు మీద ఎలా కొట్టాలో ఒకసారి మీరే కొట్టి చూపించండి.